విచ్ఛిత్తి పదార్థాలతో పనిచేసేచోట అనుకోని శృంఖల చర్య జరగకుండా చూసుకోవడం ఎలా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో ఐటీఐ, డిప్లొమా, కెమికల్ ఇంజినీరింగు, భౌతికశాస్త్రం చదువుకున్న మన పిల్లల్లో కొందరు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం వంటి సంస్థల్లో ఉద్యోగాలకు వెళ్తుంటారు. అక్కడ శిక్షణ పకడ్బందీగానే ఉంటుంది. అయితే ఏ పరిశ్రమలోనైనా కొత్తగా చేరినవారి చేతికి ముందుగా వచ్చేది నిబంధనల పట్టిక. ఆ నిబంధన ఎందుకు పుట్టిందో అర్థమయ్యేసరికి కొంత కాలం పడుతుంది. కారణం తెలియకుండా నిబంధనను పాటించే మనిషి పని ఒత్తిడి పెరిగిన రోజున దాన్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. విచ్ఛిత్తి అంటే పరమాణు కేంద్రకం చీలడం; ఒక చీలిక మరో చీలికకు కారణమవుతూ పోవడమే శృంఖల చర్య. ఇప్పటివరకు అది అనుకోకుండా చెలరేగి ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది పాత్రల పక్కన నిలబడి చేతులతో పనిచేసినవారే. అందువల్ల చేతులతో పనిచేయబోయేవారికి ఆ కారణాలు తెలుగులో, విడమరిచి తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు మీ ముందున్న పదార్థం ఏదో తెలుసుకోండి

యురేనియం అనగానే భయపడవలసిన పని లేదు. గనుల నుంచి వచ్చే సహజ యురేనియంలో విచ్ఛిత్తికి సులువుగా లోనయ్యే యురేనియం-235 సుమారు 0.7 శాతమే; మిగిలినదంతా దాదాపుగా యురేనియం-238, అది న్యూట్రాన్లను మింగుతుంది. సహజ యురేనియాన్ని మామూలు నీటిలో ఎంత కలిపినా, ఎంత పోగు చేసినా శృంఖల చర్య నిలబడదు. కాబట్టి భారజలం (బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడిన నీరు) వాడే రియాక్టర్ల కోసం సహజ యురేనియం గుళికలు తయారుచేసే విభాగంలో ఈ ప్రమాదం ప్రసక్తి దాదాపుగా ఉండదు. తారాపూర్ మొదటి రెండు రియాక్టర్లకు వాడే సుసంపన్న యురేనియం, అంటే యురేనియం-235 వాటా పెంచిన యురేనియం, సంగతి వేరు. యురేనియం-235 వాటా సుమారు ఒక శాతం దాటిన క్షణం నుంచి నీరు, పాత్ర, బరువు అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్లుటోనియం-239, థోరియం నుంచి పుట్టే యురేనియం-233 కూడా ఇదే వర్గానికి చెందినవి.

మన ప్రాంతంలో తరచుగా వినిపించే సందేహానికి ఇక్కడే సమాధానం చెప్పడం మంచిది. గోదావరి ఒడ్డున మణుగూరులో ఉన్న భారజల కర్మాగారంలో యురేనియం ఉండదు. భారజలం తనంతట తాను విచ్ఛిత్తి చెందదు. అక్కడ జాగ్రత్త పడవలసినది తయారీలో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు విషయంలో. కానీ సహజ యురేనియం, భారజలం తగిన అమరికలో కలిసినప్పుడు శృంఖల చర్య సాధ్యమే. మన భారజల రియాక్టర్లు నడిచేది ఆ సూత్రం మీదనే కనుక, "సహజ యురేనియమే కదా" అన్న ధీమా మామూలు నీటి వరకే చెల్లుతుంది.

డబ్బా మీద చీటీ చూసి పదార్థాన్ని నిర్ధారించుకోవడం మొదటి పని. చీటీ లేని పాత్రలో ఉన్నది అత్యధిక గాఢత గల ద్రావణమే అని భావించి, దాన్ని కదిలించకుండా పర్యవేక్షకునికి తెలియజేయాలి.

జరిగేది ఏమిటి

యురేనియం-235 కేంద్రకం ఒకటి చీలినప్పుడు సగటున 2.4 న్యూట్రాన్లు వెలువడతాయి. వాటిలో కొన్ని మరో కేంద్రకాన్ని చీలుస్తాయి, కొన్ని చుట్టుపక్కల పరమాణువుల్లో ఇంకిపోతాయి, కొన్ని పాత్ర గోడ దాటి బయటికి పోతాయి. ఒక్కో విచ్ఛిత్తి నుంచి సగటున సరిగ్గా ఒక న్యూట్రాన్ మరో విచ్ఛిత్తిని కలిగిస్తే చర్య నిలకడగా సాగుతుంది. దాన్నే సందిగ్ధ స్థితి అంటారు; పరిశ్రమలో అందరూ క్రిటికాలిటీ అనే పిలుస్తారు. ఆ సగటు ఒకటిని మించితే చర్య పెరుగుతూ పోతుంది; తగినంతగా మించితే సెకనులో చిన్న భాగంలోనే విపరీతంగా పెరుగుతుంది. మన జాగ్రత్తలన్నింటి ఉద్దేశం ఆ సగటును ఒకటికి తగినంత దిగువన ఉంచడమే.

ఇందులో ఆకారానికి ఉన్న ప్రాముఖ్యం మన రైతులకు వెంటనే అర్థమవుతుంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో తడిసిన మక్కలను కుప్పగా వదిలేస్తే, రెండు రోజుల తర్వాత కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే వేడి తెలుస్తుంది. అవే మక్కలను పలచగా ఆరబోస్తే వేడి నిలవదు. మక్కల బరువు మారలేదు, వేడి బయటికి పోవడానికి దొరికిన ఉపరితలం మాత్రమే మారింది. న్యూట్రాన్ల విషయంలోనూ అంతే. సన్నని గొట్టంలోనో పలుచని పలక వంటి పాత్రలోనో ఉన్న ద్రావణం నుంచి అవి సులువుగా తప్పించుకుంటాయి. అదే ద్రావణాన్ని ఎత్తూ వెడల్పూ దాదాపు సమానంగా ఉన్న గుండ్రని తొట్టిలో పోస్తే లోపలే తిరుగుతూ చీలికలు కలిగిస్తాయి.

రెండో కారణం నీరు. వేగంగా పుట్టిన న్యూట్రాన్లను నీటిలోని హైడ్రోజన్ నెమ్మదింపజేస్తుంది. నెమ్మదించిన న్యూట్రాన్ యురేనియం-235ను చీల్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. చుట్టూ ఏమీ లేని గోళాకారపు లోహం సందిగ్ధ స్థితికి చేరాలంటే సుమారు 50 కిలోల యురేనియం-235 కావాలి. నీటిలో కరిగి, చుట్టూ నీరున్నప్పుడు ఒక కిలోకన్నా తక్కువ చాలు. ఈ ఒక్క పోలిక గుర్తుంటే నిబంధనల పుస్తకంలోని సగం పేజీలు వాటంతట అవే అర్థమవుతాయి. పాత్ర చుట్టూ ఉన్న నీరు, కాంక్రీటు గోడ, ప్లాస్టిక్ దిమ్మె, చివరికి మనిషి శరీరం కూడా తప్పించుకుపోతున్న న్యూట్రాన్లను వెనక్కి పంపుతాయి.

ఇలా చెలరేగిన చర్య అణుబాంబులా పేలదు. ద్రావణం వేడెక్కి, బుడగలు లేచి, వ్యాకోచించి చర్యను తానే తగ్గించుకుంటుంది. చల్లబడితే మళ్లీ మొదలవవచ్చు. పాత్ర చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. ప్రాణం తీసేది ఆ తొలి క్షణంలో వెలువడే న్యూట్రాన్లు, గామా కిరణాలు. అవి కొన్ని మీటర్ల లోపు ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు.

1953 నుంచి 1999 వరకు ప్రపంచంలో విచ్ఛిత్తి పదార్థాల తయారీ, శుద్ధి కర్మాగారాల్లో ఇటువంటి ప్రమాదాలు 22 నమోదయ్యాయి: రష్యాలో 13, అమెరికాలో 7, బ్రిటన్‌లో 1, జపాన్‌లో 1. తొమ్మిది మంది మరణించారు. ఆ 22లో 21 ద్రావణాల్లోనో, పలుచని ముద్దల్లోనో జరిగాయి. మన అప్రమత్తత ఎక్కడ ఎక్కువగా ఉండాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

పాత్ర ఆకారాన్నే నమ్ముకోండి

భద్రతకు బరువు, గాఢత, ఆకారం, దూరం, న్యూట్రాన్లను మింగే పదార్థాలు అనే సాధనాలు ఎన్నో ఉన్నాయి. నా దృష్టిలో వీటన్నిటిలో పెద్దపీట వేయవలసినది ఆకారానికే. బరువు లెక్క మనిషి జ్ఞాపకం మీద, గాఢత లెక్క ప్రయోగశాల నివేదిక మీద ఆధారపడతాయి. ఎంత నింపినా సందిగ్ధ స్థితికి చేరని సన్నని గొట్టం మాత్రం రాత్రి షిఫ్టులో అలసిన మనిషిని కూడా కాపాడుతుంది. కాబట్టి అటువంటి పాత్ర నుంచి ద్రావణాన్ని బయటికి తీసే ప్రతి సందర్భాన్నీ, అది శుభ్రపరచడమైనా, నమూనా తీయడమైనా, చిమ్మినదాన్ని తుడవడమైనా, ప్రమాదకరమైన పనిగానే పరిగణించాలి.

జపాన్‌లోని టోకైమురాలో ఉన్న అణు ఇంధన కర్మాగారంలో 1999 సెప్టెంబరు 30న జరిగినదాన్ని నిదానంగా పరిశీలించడం అవసరం. ఒక పరిశోధక రియాక్టరు కోసం 18.8 శాతం సుసంపన్న యురేనియం ద్రావణం తయారుచేస్తున్నారు. అనుమతి పొందిన పద్ధతి ప్రకారం పొడిని ప్రత్యేక పాత్రలో కరిగించి, సన్నని నిలువు గొట్టంలో కలపాలి. అది ఆలస్యమవుతుందని, నియంత్రణ సంస్థ అనుమతి లేకుండానే, స్టీలు బకెట్లలో కరిగించే పద్ధతి కొన్నేళ్ల ముందే సంస్థ సొంత పనిపుస్తకంలోకి చేరింది. ఆ రోజు కార్మికులు ఇంకొక అడుగు వేశారు. సన్నని గొట్టం కింది కవాటం నేలకు మరీ దగ్గరగా ఉండి ద్రావణం పట్టుకోవడం కష్టంగా ఉన్నందువల్ల, కలిపే యంత్రం ఉన్న 45 సెంటీమీటర్ల వ్యాసం గల వెడల్పాటి తొట్టిని ఎంచుకున్నారు. ఒకరు గరాటు పట్టుకోగా ఇంకొకరు ద్రావణం పోశారు. తొట్టికి అనుమతించిన పరిమితి 2.4 కిలోల యురేనియం. ఏడో విడత పోస్తుండగా లోపల సుమారు 16 కిలోలు చేరింది, నీలికాంతి మెరిసింది. తొట్టి చుట్టూ ఉన్న శీతలీకరణ నీరు న్యూట్రాన్లను వెనక్కి పంపుతూ ఉండటంతో చర్య సుమారు 20 గంటలు ఆగకుండా సాగింది. ఆ నీటిని తీసివేసిన తర్వాతనే అణిగింది; మళ్లీ మొదలవకుండా న్యూట్రాన్లను మింగే బోరిక్ ఆమ్లాన్ని తొట్టిలో పోశారు. పోసినవారు, గరాటు పట్టుకున్నవారు ఇద్దరూ కొన్ని నెలల వ్యవధిలో చనిపోయారు.

వారికి ఆ తొట్టి ఎందుకు ప్రమాదకరమో ఎవరూ చెప్పలేదు. కవాటం నేలకు కాస్త ఎత్తులో ఉండి ఉంటే వెడల్పాటి తొట్టి వైపు చూసే అవసరమే వారికి వచ్చేది కాదేమో. పనిముట్టు వాడకానికి అసౌకర్యంగా ఉంటే ఆ విషయాన్ని రాతపూర్వకంగా పై అధికారులకు తెలియజేయడం మీ బాధ్యతల్లో ఒకటి. ఎందుకంటే అసౌకర్యమే అడ్డదారికి మొదటి మెట్టు.

ఆకారం స్థిరమని కూడా గుడ్డిగా నమ్మరాదు. 1997 మే 15న రష్యాలోని నొవొసిబిర్స్క్ అణు ఇంధన కర్మాగారంలో పలక ఆకారపు తొట్ల గోడలు కాలక్రమంలో ఉబ్బి, లోపల యురేనియం అవక్షేపం పేరుకొని సందిగ్ధ స్థితి ఏర్పడింది. అదృష్టవశాత్తూ ఎవరికీ హాని జరగలేదు. గోడల మందం, పాత్ర వెడల్పు నిర్ణీత కాలానికి ఒకసారి కొలవాలి. గొట్టాల వంపుల్లోనూ, వడపోత పరికరాల్లోనూ, గాలి బయటికి పోయే మార్గాల్లోనూ పేరుకున్న పదార్థాన్ని కొలిచి లెక్కలో రాయాలి. పుస్తకంలోని నిల్వకూ పాత్రల్లోని నిల్వకూ పొంతన కుదరకపోతే తప్పిపోయిన పదార్థం ఏదో గొట్టంలో ఉందని అనుమానించి వెతకాలి.

కలిపే యంత్రం మీట ముట్టుకునే ముందు

తొట్టిలో ద్రవం తిరుగుతున్నప్పుడు దాని ఆకారం మారుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. 1958 డిసెంబరు 30న అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో ఒక పెద్ద తొట్టిలో ప్లుటోనియం ఎక్కువగా ఉన్న కర్బన ద్రావకం పై పొరగా, నీటి ద్రావణం కింద పొరగా నిలిచి ఉన్నాయి. యంత్రం ఆన్ చేయగానే అంచుల వెంబడి నీరు పైకి లేచింది, పై పొర మధ్యకు చేరి మందమైంది, అంతకుముందు ఒకటికి దిగువన ఉన్న సగటు ఒకటిని దాటింది. తొట్టి కిటికీలోంచి చూస్తున్న కార్మికుడు సుమారు 35 గంటల తర్వాత మరణించాడు.

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో 1964 జూలై 24న ఇందుకు తిరగబడిన సంఘటన జరిగింది. గాఢమైన యురేనియం ద్రావణమున్న సన్నని సీసాను పలుచని కడుగునీటి సీసాగా పొరబడి, ఒక కార్మికుడు సోడియం కార్బొనేటు కలిపే వెడల్పాటి తొట్టిలో పోశాడు. రెండు రకాల సీసాలూ చూడటానికి ఒకే తీరుగా ఉన్నాయి. మొదటి చర్య అతని ప్రాణం తీసింది. ఆ తర్వాత లోపలికి వెళ్లిన ఇద్దరు అధికారులు తిరుగుతున్న యంత్రాన్ని ఆపారు. మధ్యలో గుంటపడి తిరుగుతున్న ద్రావణం సర్దుకొని నిండుగా నిలవడంతో రెండోసారి సందిగ్ధ స్థితి వచ్చింది. అప్పటికే అలారం మోగుతూ ఉన్నందువల్ల ఆ రెండోదాన్ని ఆ సమయానికి ఎవరూ గుర్తించలేదు.

ఒకచోట మీట వేయడం, ఇంకొకచోట మీట తీయడం ప్రమాదానికి కారణమైంది. కాబట్టి అసాధారణ స్థితిలో ఉన్న తొట్టి దగ్గర ఏ మీటనూ, ఏ కవాటాన్నీ సొంత నిర్ణయంతో తాకరాదు. ద్రావణం రెండు పొరలుగా విడిపోయినట్టు కనిపిస్తే పని ఆపి, క్రిటికాలిటీ భద్రతా నిపుణుని పిలవాలి.

ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మార్చేటప్పుడు

సీసాల రూపం, రంగు, మూత గాఢతను బట్టి వేరువేరుగా ఉండాలి. పోసే ముందు ప్రయోగశాల ఫలితాన్ని ఇద్దరు విడివిడిగా చదివి సంతకం చేయాలి. ఒకరు చదివి ఇంకొకరు "సరే" అనడం ఇద్దరి తనిఖీ కిందికి రాదు.

ఖాళీ అనుకున్న గొట్టం ఖాళీగా ఉందని నిర్ధారించుకున్న తర్వాతే పక్క తొట్టి కవాటం తెరవాలి. 1958 జూన్ 16న అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో నీటిని మాత్రమే డ్రమ్ములోకి వదులుతున్నామని అనుకున్నారు. సరిగా మూయని కవాటం గుండా వచ్చిన యురేనియం ద్రావణం ఆ నీటితోపాటు డ్రమ్ములోకి చేరింది. ఎనిమిది మందికి గణనీయమైన కిరణ మోతాదు తగిలింది. అటువంటి కవాటాలకు బదులు గొట్టాన్ని భౌతికంగా విడదీసి, ఖాళీ వదలడం మేలు. వెడల్పాటి డ్రమ్ములు, బకెట్లు, చెత్త తొట్లు గాఢ ద్రావణాలుండే గదిలోకి రాకుండా ద్వారం దగ్గరే ఆపివేయాలి.

పాత్రను చేతులతో ఎత్తి వంచకూడదు. రష్యాలోని మయాక్ అణు కర్మాగారంలో 1958 జనవరి 2న ప్రయోగం ముగిశాక, గొట్టం ద్వారా నెమ్మదిగా తీసే బదులు కార్మికులు తొట్టి బోల్టులు విప్పి ద్రావణం పోయడానికి వంచారు. వంచడంతో ద్రావణం ఆకారం మారింది, చుట్టూ దగ్గరగా నిలిచిన వారి శరీరాలు న్యూట్రాన్లను వెనక్కి పంపాయి. ముగ్గురు వారంలోపే చనిపోయారు. మూడు మీటర్ల దూరంలో ఉన్న నాలుగో వ్యక్తి బతికారు గాని తర్వాత చూపు దెబ్బతిన్నది.

పరిమితులు నిర్ణయించే పద్ధతి

ఒకదానితో ఒకటి సంబంధం లేని, అరుదైన రెండు పొరపాట్లు ఒకేసారి జరిగితే తప్ప సందిగ్ధ స్థితి రాకూడదన్నది ఈ రంగం పాటించే మూల నియమం. దీనికి అనుగుణంగానే బరువు మీద ఆధారపడే చోట్ల పరిమితిని ప్రమాదకరమైన బరువులో సగానికి తక్కువగా పెడతారు; అప్పుడు ఒకే విడతను పొరబాటున రెండుసార్లు వేసినా ప్రమాదం రాదు. మీరు పాటిస్తున్న అంకె మరీ తక్కువగా అనిపించినప్పుడు ఆ మిగులు మీ పొరపాటు కోసం ఉంచినదని, పని త్వరగా ముగించడానికి వాడుకోవలసినది కాదని గ్రహించాలి.

బోరాన్, కాడ్మియం, గడోలినియం న్యూట్రాన్లను బాగా మింగుతాయి. తప్పనిసరిగా పెద్ద తొట్లు వాడవలసిన చోట బోరాన్ కలిపిన గాజు ఉంగరాలతో వాటిని నింపుతారు. అవి కాలక్రమంలో పగిలి అడుక్కు దిగవచ్చు కనుక మట్టం తరచుగా చూడాలి. పాత్రల మధ్య దూరాన్ని నేల మీది గీతలతో సరిపెట్టకుండా ఇనుప చట్రాలతో స్థిరపరచాలి.

పద్ధతిలో ఎంత చిన్న మార్పు చేయాలన్నా ముందు లెక్క, తర్వాత స్వతంత్ర పరిశీలన, ఆ తర్వాత రాతపూర్వక అనుమతి అనే వరుస తప్పకూడదు. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఇందుకోసమే ఉంది.

అగ్నిమాపక సిబ్బందితో ముందుగానే మాట్లాడి ఉంచడం మరువరాదు. పొడి రూపంలో పదార్థం ఉన్న గదిలో నీటి గొట్టం తెరిస్తే, అప్పటివరకు లేని నీరు అమాంతం చేరుతుంది. ఏ గదిలో నీరు వాడవచ్చో, ఏ గదిలో పొడి రసాయనమే వాడాలో తలుపు మీదనే రాసి ఉండాలి.

క్రిటికాలిటీ అలారం మోగితే

పరుగెత్తాలి. చేతిలో ఉన్నది నేల మీద పెట్టడానికి కూడా ఆగకూడదు. మొదటి మెరుపులో తగిలినదాన్ని ఎవరూ ఆపలేరు కాని, చర్య మళ్లీ మళ్లీ రావచ్చు కనుక ఆదా చేసిన ప్రతి సెకనూ, దూరంగా వేసిన ప్రతి అడుగూ తగిలే మోతాదును తగ్గిస్తాయి. అలారం నిజమా, పరీక్షా అన్న చర్చ బయట గుమికూడే స్థలంలో చేసుకోవచ్చు.

అక్కడ హాజరు తీసుకుంటారు. ఎవరైనా లోపల ఉండిపోతే కిరణాలను కొలిచే పరికరాలతో, శిక్షణ పొందిన బృందమే వెళ్లాలి. స్నేహితుడు కనిపించలేదని మీరు వెనక్కి వెళ్లరాదు. కిరణ మోతాదును కొలిచేందుకు ఛాతీ మీద పెట్టుకున్న బ్యాడ్జి జాగ్రత్తగా అప్పగించండి. కొన్ని బ్యాడ్జీల్లో ఉండే ఇండియం రేకు న్యూట్రాన్లు తగిలితే తాత్కాలికంగా రేడియోధార్మికత పొందుతుంది కాబట్టి, ఎవరిని ముందుగా ఆసుపత్రికి పంపాలో నిమిషాల్లో తేలుతుంది. రక్తం నమూనా అడిగితే వెంటనే ఇవ్వండి. శరీరంలోని సోడియం నుంచి ఏర్పడే సోడియం-24ను కొలిచి మోతాదును అంచనా వేస్తారు. మీరు ఎక్కడ, ఎటు తిరిగి నిలబడ్డారో మరిచిపోకముందే చెప్పి రాయించండి. వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో ఆ సమయాన్ని కూడా చెప్పాలి. వైద్యునికి అది ముఖ్యమైన ఆధారం.

కొత్తగా చేరినవారు మొదటి వారంలోనే తమ గదిలో ఏ పాత్రకు ఏ పరిమితి ఉందో, అది ఆకారం వల్లనా, బరువు వల్లనా, గాఢత వల్లనా అని పర్యవేక్షకుణ్ని అడిగి రాసుకోవాలి. అలారం శబ్దం ఎలా ఉంటుందో వినిపించమని కోరాలి. తాము నిలబడి పనిచేసే చోటు నుంచి గుమికూడే స్థలం వరకు ఉన్న దారిని ఒకసారి పగటి షిఫ్టులో, ఇంకొకసారి రాత్రి షిఫ్టులో నడిచి చూసుకోవాలి. రాత్రి తాళం వేసే తలుపు ఏదైనా ఆ దారిలో ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయాలి.